పక్కన నిలబడ్డవాడు

జితేందర్ రాఘవులుని లాక్కుపోయాడు. ఇందులో రెండో మాటకు చోటు లేదు.

దైవాశీర్వాదం కళ్ళ ఎదుటే లాక్కుపోయాడు. శనివారం పొద్దున్నే టెక్సస్‌లోని ఫ్రిస్కో నుంచి ఉత్తరానికి వెళ్ళి, ఓక్లహోమా సరిహద్దైన రెడ్ రివర్‌కు ఇవతల ఒక ముసలి తెల్లాయన పొలంలో, రేకుల షెడ్డు కింద ముగ్గురూ తుపాకులు పరుచుకున్నారు. అడవిపందులు ఆయన గోధుమ చేలను కుళ్ళగిస్తున్నాయి. వాటిని కొట్టుకోవడానికి ఆ పొలాన్ని మొదట లీజుకు తీసుకున్నది దైవాశీర్వాదం, రాఘవులు ఇద్దరే. జితేందర్ ఈ వేసవిలో వచ్చి చేరాడు. రాఘవులే తెచ్చాడు. "మా ఆఫీసుల చేస్తడన్నా, మంచి పిల్లగాడు" అన్నాడు. ఆ పిల్లగాడికి నలభై దాటాయి.

చేలోకి వెళ్ళే ముందు షెడ్డు కింద బల్లల మీద తుపాకి ఆనించి, దూరాన ఇనుప రేకును కొట్టి గురి సరిచూసుకోవడం వాళ్ళ అలవాటు. దైవాశీర్వాదం బల్ల మధ్యలో ఉంటుంది. అతని ఎడమ పక్క మడతకుర్చీ రాఘవులుది. కుడిపక్క బల్ల జితేందర్‌ది.

కాల్చే ముందు దైవాశీర్వాదం టోపీ తీసి ప్రార్థన చేస్తాడు. భార్య లూసీ పెట్టిన షరతు అది. దేవుణ్ణి తలవకుండా ఆ ఇనుమును ముట్టొద్దనేది. లూసీ పోయింది, షరతు ఉండిపోయింది. రాఘవులు కారు అద్దం ముందు వెంకన్న బొమ్మ పెట్టుకున్న మనిషి. అయినా ప్రార్థన మొదలైతే తనూ టోపీ తీస్తాడు, చప్పుడు ఆపడానికి చెవుల మీద పెట్టుకునే మఫ్స్ తీసి మెడలో వేసుకుంటాడు, దైవాశీర్వాదం ఎడమ భుజం పక్కన నిలబడతాడు. ఆమేన్ అనగానే తనూ ఆమేన్ అని మఫ్స్ పెట్టుకుంటాడు. అప్పుడు మొదటి గుండు పేలుతుంది. కాలుస్తున్నానని వేరే కేక ఎవరూ వేయరు.

ఆ శనివారం కూడా అలాగే అయింది. ఆమేన్ తర్వాత దైవాశీర్వాదం ట్రిగ్గర్ నొక్కాడు.

అతని తుపాకి పొట్టిది. చేలో మంచె ఎక్కి కూర్చుంటే చిన్న కిటికీ అంచులకు బారెల్ తగలకుండా తిప్పుకోవచ్చని, ప్రభుత్వానికి వేలిముద్రలిచ్చి, అనుమతి వచ్చేదాకా ఆగి చేయించుకున్నాడు. పొట్టి బారెల్‌లో మందు పూర్తిగా కాలక ముందే గుండు బయటపడుతుంది. మిగిలిన మందు మూతి దగ్గర భగ్గుమంటుంది. పైన రేకులు దడదడలాడాయి. దుమ్ము రాలింది. రాఘవులు చేతిలోని టీ మోకాలి మీద ఒలికింది.

"అంకుల్, అది తుపాకి కాదు, భూకంపం" అన్నాడు జితేందర్. "ఆగండి, ఓక్లహోమాల మావోళ్ళు ఫోన్ చేస్తరేమో, ఇండ్లు ఉన్నయా పోయినయా అని."

రాఘవులు తొడ చరిచి నవ్వాడు.

రాఘవులును జితేందర్ అన్నా అంటాడు. దైవాశీర్వాదాన్ని అంకుల్ అంటాడు. ఇద్దరి వయసుకీ పెద్ద తేడా ఏమీ లేదు.

తర్వాత జితేందర్ కాల్చాడు. అతని తుపాకి మూతికి పొడుగాటి సైలెన్సర్ ఉంది. పక్కింట్లో ఎవరో తలుపు వేసుకున్నట్టు వినిపించింది, అంతే. దూరాన ఇనుప రేకు టంగుమంది. రాఘవులు ఆ రేకు వైపు, తర్వాత జితేందర్ వైపు చూశాడు. లేచి తన మడతకుర్చీ మడిచాడు.

"ఏమనుకోకన్నా. పోయిన వారం సంది చెవులల్ల గుయ్యిమంటున్నది. నీ పక్కన కూసుంటే పండ్లు సుత కదులుతున్నయి. కొంచెం సేపు గా దిక్కు కూసుంట."

"కూర్చో. నేనేమన్నా కట్టేశానా?"

రాఘవులు కుర్చీ మోసుకుని దైవాశీర్వాదం వెనకనుంచి నడిచి జితేందర్ బల్లకు అవతల వేసుకున్నాడు. ఫ్లాస్కు కూడా తీసుకుపోయాడు. టీ మొదట జితేందర్‌కి పోశాడు. పక్కనున్నవాడికే కదా మొదట పోస్తారు. దైవాశీర్వాదం గుండ్లు ఒక్కొక్కటే మ్యాగజైన్‌లోకి నొక్కుతూ అది చూశాడు. అతనికి కూడా కప్పు వచ్చింది. చల్లారి వచ్చింది.

తిరిగి వచ్చేటప్పుడు రాఘవులు జితేందర్ కారెక్కాడు. ఇద్దరికీ ఏదో ఆఫీసు కాల్ ఉందట, దారిలో కలిసి మాట్లాడుకుంటారట. దైవాశీర్వాదం తన ట్రక్కులో ఒక్కడే వచ్చాడు. లూసీ పోయిన కొత్తల్లో సంఘం వాళ్ళు గిన్నెలు పట్టుకుని వచ్చారు, పాస్టరుగారు వచ్చారు, తర్వాత ఎవరి పనుల్లో వాళ్ళు పడ్డారు. రాఘవులు మాత్రం వీధి చివర నుంచి ప్రతి శనివారం నడిచి వచ్చి గంట కొట్టేవాడు. వారంలో ఆ ఇంటి గంట మోగేది ఆ ఒక్కసారే. ఆ గంట కూడా పోతే ఇక ఇంట్లో ఫ్రిజ్ చప్పుడు తప్ప ఏమీ ఉండదు. ట్రక్కు ఇంటి ముందు ఆపి అతను అదే అనుకున్నాడు. తర్వాత, చప్పుడే కదా వాడికి కష్టం, చప్పుడు సంగతి చూద్దాం అనుకున్నాడు.

మంగళవారం తుపాకుల షాపుకు వెళ్ళాడు. గాజు బల్ల వెనక ఎప్పుడూ ఉండే తెల్లావిడే ఉంది. డెబీ అని చొక్కాకి పేరు కుట్టి ఉంటుంది. నెరిసిన జుట్టు రబ్బరు బ్యాండుతో వెనక్కి కట్టుకుంటుంది. అతని ఇంగ్లీషు ఆగి ఆగి వస్తుంది. ఆమె ఆగి వింటుంది. అందుకే ఆ షాపుకే వెళ్తాడు.

అతను చెప్పింది విని ఆమె బల్ల మీద గుడ్డ పరిచి మూడు ఇనుప ముక్కలు పెట్టింది. మూడూ బారెల్ మూతికి మరలతో బిగించేవే.

"మీ తుపాకికి ఇప్పుడున్నది ఇలాంటిది" అంటూ నిలువు చీలికలున్న మొదటిదాన్ని వేలితో దొర్లించింది. "మంటను చెదరగొడుతుంది. చీకట్లో మీ కళ్ళు బైర్లు కమ్మవు. చప్పుడును ఏమీ చేయదు."

రెండోది ఎత్తింది. దానికి రెండు పక్కలా పెద్ద కంతలున్నాయి.

"ఇది బ్రేక్. గాలిని పక్కలకు కొడుతుంది. తుపాకి మూతి పైకి లేవదు, భుజానికి తన్ను తగలదు. మీకు హాయి. కానీ చప్పుడంతా పక్కవాడి మొహాన కొడుతుంది."

మూడోది చిన్న డబ్బాలా ఉంది. ముందు మాత్రమే నోరుంది.

"ఇది అన్నిటినీ ముందుకు తోస్తుంది. చప్పుడు తగ్గదు. మీ నుంచి, మీ పక్కవాడి నుంచి దూరంగా పోతుంది. భుజానికి తన్ను మాత్రం తప్పదు." ఆగి అడిగింది. "సైలెన్సర్ ఎందుకు వద్దు? అన్నిటికీ అదే మందు."

"వద్దు" అన్నాడు. మళ్ళీ వేలిముద్రలు, మళ్ళీ ఎదురుచూపు. అది ఒక కారణం. జితేందర్ దగ్గర ఉన్నదాన్నే తనూ కొనుక్కుని, వాడి తర్వాత వాడి దారిన నడిచినట్టు కనబడాల్సొస్తుంది. అది అసలు కారణం. అది ఇంగ్లీషులోకి రాలేదు, రానక్కరలేదు కూడా.

"సరే. ఎవరి కోసం ఇది? మీ కోసమా, పక్కవాడి కోసమా?"

"పక్కవాడి కోసం. స్నేహితుడు. చెవులు నొప్పి అంటున్నాడు."

డెబీ నవ్వింది. "పుణ్యాత్ముడు. నా మొగుడితో ఇరవై ఏళ్ళు వేటకు పోయాను. నా చెవుల సంగతి ఒక్కనాడు అడగలేదు." డబ్బాలాంటిదాన్ని అతని వైపు జరిపింది. "అయితే ఇదే."

అతను దాన్ని అరచేతిలో పెట్టుకుని బరువు చూశాడు. లోపలి మరను గోటితో తడిమాడు. ఆమె దాని అట్టపెట్టె కోసం కింద వెతుకుతోంది. జేబులో ఫోన్ వణికింది.

వేట గ్రూపులో ఫోటో. బిర్యానీ హోటల్లో రాఘవులు, జితేందర్. జితేందర్ చెయ్యి రాఘవులు భుజం చుట్టూ ఉంది. రాఘవులు నోట్లో ముక్క పెట్టుకుని నవ్వుతున్నాడు. కింద జితేందర్ రాత. 'శనివారం అన్న నా మంచెలో. నో భూకంపం.' దాని కింద రాఘవులు బొటనవేలు ఎత్తి పెట్టాడు.

ఆ గ్రూపులో ఉన్నది ముగ్గురే. ఆ ఫోటో చూడాల్సినవాడు ఒక్కడే.

దైవాశీర్వాదం ఫోన్ జేబులో పెట్టుకున్నాడు. అరచేతిలోని ముక్కను తిరిగి గుడ్డ మీద పెట్టాడు.

"ఇది వద్దు. బ్రేక్ ఇవ్వండి."

డెబీ అట్టపెట్టెతో పైకి లేచింది. "బ్రేకా? స్నేహితుడి చెవులన్నారు?"

"స్నేహితుడు అక్కడ కూర్చోవడం లేదు. పక్కన వేరేవాడు కూర్చుంటాడు."

ఆమె అతని మొహంలోకి చూసింది. "ఎక్కడ కాలుస్తారు? ఆరుబయటా?"

"రేకుల షెడ్డు."

"అయితే వినండి. పక్కన ఎవరున్నా సరే, చెవిలో బిరడాలు, పైన మఫ్స్, రెండూ ఉండాలి. ఉత్త చెవులతో ఎవరినీ నిలబడనివ్వకండి. పొట్టి బారెల్, దానికి బ్రేక్, పైన రేకులు. అర్థమైందా?"

"అర్థమైంది."

"పక్కవాడికి చెప్పండి."

"చెప్తాను" అన్నాడు.

చెప్పాల్సిన పని లేదని అతని లెక్క. జితేందర్ పొలంలో దిగిన దగ్గర్నుంచి మఫ్స్ తీయడు. మాటలు వినబడేలా లోపల మైకులున్న ఖరీదైన మఫ్స్ అవి. వాడి చెవులకేమీ కాదు. కానీ వాడి బల్ల అదరాలి. వాడి ఫోన్ బల్ల మీద గెంతాలి. గాలి వాడి చెంప మీద చరచాలి. వాడు తుపాకి సర్దుకుని షెడ్డు చివరకు పోవాలి. భూకంపం అంటే ఏమిటో వాడికి ఒక్కసారి తెలియాలి.

గురువారం సాయంత్రం గరాజ్ తలుపు ఎత్తి పని మొదలుపెట్టాడు. బారెల్‌ను చెక్కముక్కల మధ్య వైసులో బిగించాడు. పాతదాన్ని పానాతో ఊడదీశాడు. మరల మీద పేరుకున్న మసిని ఇత్తడి బ్రష్‌తో గీకి, గుడ్డతో తుడిచాడు. ఒకసారి గట్టిగా బిగిస్తే నలిగిపోయే వాషర్ తొడిగి బ్రేక్‌ను చేత్తో తిప్పాడు. ఇది పాతదానిలా ఎలా పడితే అలా బిగిస్తే కుదరదు. కంతలు సరిగ్గా కుడికీ ఎడమకీ రావాలి. కాస్త తిప్పాడు, వంగి చూశాడు, మళ్ళీ కాస్త తిప్పాడు.

"అన్నా, ఉన్నవా?"

రాఘవులు వాకిట్లో నిలబడ్డాడు. చేతిలో రేకు కాగితంలో చుట్టింది ఏదో ఉంది.

"మా ఉమ సర్వపిండి పంపింది. వేడి మీదనే తినమన్నది. నువ్వు ఫ్రిజ్‌ల పెట్టి మూడు దినాలు నంజుకుంటవని దానికి ఎరికే."

"అక్కడ పెట్టు."

రాఘవులు పొట్లాన్ని పనిబల్ల మీద పెట్టి వైసు దగ్గరకు వచ్చాడు. కళ్ళద్దాలు పైకి నెట్టి వంగాడు. కొత్త ఇనుము మీద వేలు రాశాడు.

"కొత్తదా? చప్పుడు తగ్గనీకేనా?"

"ఆఁ" అన్నాడు దైవాశీర్వాదం. పానా మీది చూపు తిప్పలేదు.

"నా కోసమా అన్నా?"

దైవాశీర్వాదం వంగి కంతల వరస చూశాడు.

"అరె, నేను ఉట్టిగ అన్న. నువ్వు దిల్‌కు తీస్కున్నవా ఏంది?"

"శనివారం వాడి మంచెలో కూర్చుంటావంటగా."

"వాడు ఒకటే గుంజుతుండు, ఏం చెయ్యాలె? కాదంటే ముఖం చిన్నగ చేసుకుంటడు." రాఘవులు నవ్వాడు. "వాని తుపాకికి సైలెన్సర్ ఉన్నది గని నోటికి లేదన్నా. స్టాకులు, స్టాకులు, మళ్ళ స్టాకులు. నీ లెక్క ఊకుండెటోడు పక్కన ఉంటేనే మంచిగుంటది."

దైవాశీర్వాదం తల ఎత్తబోయాడు. రాఘవులు ఫోన్ మోగింది.

"ఆఁ తమ్మీ, చెప్పు" అంటూ రాఘవులు వాకిట్లోకి నడిచాడు. "ఏడికి? ఇప్పుడా? అరె, చంపుతున్నవ్ రా నాయనా."

షాపు ఇంకా తెరిచే ఉంటుంది. ట్రక్కు తాళాలు మేకుకు వేలాడుతున్నాయి. వాషర్ ఇంకా నలగలేదు, బ్రేక్‌ను విప్పి తీసుకుపోతే డెబీ మార్చి ఇస్తుంది. దైవాశీర్వాదం పానాను అలాగే పట్టుకుని నిలబడ్డాడు. వాకిట్లో రాఘవులు ఫోన్‌లో ఏదో విని పగలబడి నవ్వాడు. చెయ్యి ఊపి, మాట్లాడుతూనే వీధి చివరకు నడిచిపోయాడు.

దైవాశీర్వాదం పానా మీద బరువు వేశాడు. లోపల వాషర్ నలిగింది. కంతలు కుడికీ ఎడమకీ నిలిచాయి.

సర్వపిండిని ఫ్రిజ్‌లో పెట్టాడు.

శనివారం రాఘవులు గంట కొట్టలేదు. జితేందర్ కారులో వస్తానని మెసేజ్ పెట్టాడు. దైవాశీర్వాదం షెడ్డు చేరేసరికి వాళ్ళిద్దరూ అక్కడే ఉన్నారు. రాఘవులు కుర్చీ జితేందర్ బల్లకు అవతలే ఉంది. పొలం మీద మంచు ఇంకా విడలేదు. జితేందర్ మెడ వంచి బల్ల మీద ఏవో సర్దుకుంటున్నాడు, మఫ్స్ చెవుల మీదే ఉన్నాయి.

"గుడ్ మార్నింగ్ అంకుల్. కొత్తది పెట్టిండ్రంట కదా? రాఘవులన్న చెప్పిండు."

"ఆఁ."

"చూపించండి ఒకసారి."

"కాల్చాక చూద్దువు."

దైవాశీర్వాదం తుపాకిని సంచిలోంచి తీసి బల్ల మీద ఇసుకమూటకు ఆనించాడు. మూతి కొత్తది కాబట్టి గురి మారి ఉంటుంది, సరిచూసుకోవాలి. అది అందరికీ తెలిసిన పని. చెవుల్లో బిరడాలు నొక్కుకున్నాడు. పైన మఫ్స్ పెట్టుకున్నాడు. లోకం దూరంగా పోయింది. తన ఊపిరి తనకే వినిపించింది.

టోపీ తీయలేదు. ఇలాంటి పనికి దేవుణ్ణి పిలవడం అతనికి ఇష్టం లేకపోయింది. లూసీ మాట ఒక్క పూట పక్కన పెడితే ఏం కాదనుకున్నాడు.

మ్యాగజైన్ పెట్టి, బోల్టు లాగి వదిలాడు. కంటిని గురిచూసే గాజుకు ఆనించాడు. ఎర్ర చుక్కను ఇనుప రేకు మీద నిలిపాడు. తర్వాత తల ఎత్తకుండానే కంటి కొసతో కుడివైపు చూశాడు. జితేందర్ ఇంకా నిలబడే ఉన్నాడు. వాడు కూర్చోవాలి. కూర్చుంటే వాడి తల సరిగ్గా కంతల ఎదురుగా వస్తుంది. జితేందర్ ఒక డబ్బా తెరిచాడు. మూశాడు. గుండ్లు చేతిలో పోసుకున్నాడు. కుర్చీ కాలితో లాక్కున్నాడు. దైవాశీర్వాదం చూపంతా అటే ఉంది. కుర్చీలో జితేందర్ కుదురుకోవడం, మోచేతులు బల్ల మీద పెట్టడం, మఫ్స్ సవరించుకోవడం, అన్నీ చూశాడు.

నొక్కాడు.

భుజానికి ఏమీ తెలియలేదు. డెబీ అన్నట్టే తుపాకి మూతి కదలలేదు. దూరాన రేకు ఊగింది. కుడిపక్క బల్ల మీద కాగితాలు లేచాయి, ఫోన్ గెంతి కింద పడింది. జితేందర్ తల పక్కకు విసిరినట్టు తిప్పాడు. అంతా అనుకున్నట్టే అయింది.

కానీ జితేందర్ తిట్టలేదు. నోరు తెరిచి దైవాశీర్వాదం మీదుగా ఎడమవైపుకు చూస్తున్నాడు. ఏదో అరుస్తున్నాడు. లేచి పరుగెత్తాడు.

దైవాశీర్వాదం ఎడమకు తిరిగాడు.

అతని భుజానికి చేరువలో రాఘవులు నేల మీద మోకాళ్ళ మీద ఉన్నాడు. టోపీ ఎడమచేతిలో ఉంది. మఫ్స్ మెడలో ఉన్నాయి. కుడి అరచెయ్యి కుడిచెవికి అదిమి పట్టుకుని, పళ్ళు కనబడేలా నోరు తెరిచి, ఏ చప్పుడూ చేయకుండా ముందుకు వెనక్కు ఊగుతున్నాడు. వేళ్ళ సందున సన్నగా ఎర్రటి చార దిగింది.

దైవాశీర్వాదం బల్ల మీదికి వంగడం చూసి, ప్రార్థన అనుకుని, రాఘవులు లేచి అతని వెనకనుంచి నడిచి ఎడమపక్కకు వచ్చాడు. టోపీ తీశాడు. మఫ్స్ తీశాడు. ఆమేన్ కోసం తలవంచి నిలబడ్డాడు.

"అన్నా! రాఘవులన్నా, ఇటు చూడు! నా మాట ఇనబడుతుందా?" జితేందర్ అతని మొహాన్ని రెండు చేతులతో పట్టుకున్నాడు. "అంకుల్, కారు తీయండి! అంకుల్!"

దైవాశీర్వాదం తుపాకిని దించాడు. మ్యాగజైన్ ఊడదీశాడు. లోపలి గుండును బయటకు లాగాడు. చేతులు వాటంతట అవే ఆ పని చేశాయి. అతను లేచి నిలబడేసరికి జితేందర్ రాఘవులు చెయ్యి తన భుజాన వేసుకుని తన కారు దాకా నడిపించేశాడు.

ఆసుపత్రికి రాఘవులు భార్య ఉమ వచ్చింది. శనివారం షిఫ్టు మధ్యలోంచి వచ్చినట్టుంది, పని బ్యాడ్జి మెడలోనే ఉంది, తీయడం మరిచిపోయింది. దైవాశీర్వాదాన్ని చూసి దగ్గరకు వచ్చింది.

"మీరు బాధపడకండి అన్నయ్యగారూ. ఈయనే చూసుకోవాలి. చిన్నపిల్లాడా? మఫ్స్ తీసి పోయి నిలబడ్డాడంట, ఎవరైనా చేస్తరా?" ఆమె కళ్ళు తుడుచుకుంది. "మీరు ఈయన చెవుల కోసమే కొత్తది కొని పెట్టిచ్చిండ్రంట. లోపల డాక్టరుకు కూడా అదే చెప్తుండు."

దైవాశీర్వాదం గోడకు ఆనుకుని నిలబడ్డాడు. జితేందర్ కాఫీ కప్పులు పట్టుకుని వచ్చాడు. ఒకటి ఉమకు, ఒకటి అతనికి ఇచ్చాడు. అతనివైపు చూడలేదు.

చెవి గూబ పొర చిరిగింది, అది మానుతుంది అన్నారు. లోపల చచ్చిపోయిన నరాలు తిరిగి రావు అన్నారు. ఎడమచెవి బాగానే ఉంది. కుడిచెవికి ఇక సన్నటి మాటలు అందవు. కొన్నాళ్ళు తల తిరుగుతుంది, కారు నడపకూడదు.

తర్వాతి శనివారం పొద్దున ఇంటి గంట మోగింది.

దైవాశీర్వాదం తలుపు తీశాడు. రాఘవులు మెట్టు మీద నిలబడ్డాడు. కుడిచెవికి దూది, దాని మీద పట్టీ. వెనక జితేందర్ అతని మోచెయ్యి పట్టుకుని ఉన్నాడు. వీధి చివరి నుంచి కూడా కారులోనే తెచ్చాడు.

"ఉమ తుపాకి పేరెత్తితే తంతనన్నది" అన్నాడు రాఘవులు, అవసరమైనదానికంటే గట్టిగా. "ఇగ శనివారాలు నీ గరాజ్‌లనే అన్నా. చాయ్ పెట్టు. నేను లోపట కూసుంట, కండ్లు తిరుగుతున్నయి."

అతను గోడ పట్టుకుని గరాజ్ వైపు నడిచాడు. జితేందర్ మెట్టు మీదే ఆగాడు. తాళంచెవుల గుత్తిని వేలికి తిప్పుకుంటున్నాడు.

"అంకుల్, ఒక్క మాట. అది బ్రేక్. ఆ రోజే చూసిన. రాఘవులన్నకు తెల్వదు, చప్పుడు తగ్గించేదే అనుకుంటుండు." గొంతు తగ్గించాడు. "షాపుల ఏమన్నా తప్పు చెప్పి అంటగట్టిండ్రా? అట్లయితే చెప్పండి, నేను పోయి అడుగుత. ఊరుకోవద్దు అసలు."

తల ఊపితే సరిపోయేది. అవునంటే జితేందర్ నమ్మేవాడు. నమ్మడానికే వచ్చాడు. దైవాశీర్వాదానికి ఇంగ్లీషు సరిగా రాదని, పల్లెటూరి చదువని, అమ్మినవాళ్ళు ఏది ఇస్తే అది పట్టుకొచ్చాడని ముందే అనుకుని వచ్చాడు. ఆ అనుకోవడమే దైవాశీర్వాదాన్ని కుట్టింది.

"ఆమె అంతా చెప్పింది" అన్నాడు. "విడమరిచి చెప్పింది. మూడూ నా ముందు పెట్టింది. నేనే ఏరుకున్నాను."

జితేందర్ చేతిలో తాళంచెవులు ఆగాయి. అతను దైవాశీర్వాదం మొహంలోకి చూశాడు. తర్వాత అతని కళ్ళు ఏదో కొలుస్తున్నట్టు కదిలాయి. షెడ్డులో మధ్యన దైవాశీర్వాదం బల్ల, దాని కుడిపక్కన తన బల్ల.

"నా కోసమా?" అన్నాడు.

దైవాశీర్వాదం తలుపు పిడి పట్టుకుని నిలబడ్డాడు.

గరాజ్‌లోంచి రాఘవులు కుర్చీ ఈడుస్తున్న చప్పుడు వచ్చింది. జితేందర్ అటు చూశాడు.

"రాఘవులన్నకు నేను చెప్ప" అన్నాడు చివరకు. "మీ కోసం కాదు. ఆయనకున్నది మీరే అనుకుంటుండు. గది సుత పోవద్దు."

మెట్లు దిగాడు. అంకుల్ అనలేదు. మళ్ళీ ఎప్పుడూ అనలేదు. గ్రూపులోంచి తనే తప్పుకున్నాడు, లీజులో తన భాగం వదులుకున్నాడు. పాలమూరు పిల్లలెవరో తుపాకులు కాల్చే రేంజికి పోతుంటే వాళ్ళతో పోతున్నాడని తర్వాత ఎవరో చెప్పారు. ఇక రాఘవులును లాక్కుపోయేవాడు ఎవడూ లేడు.

దైవాశీర్వాదం రెండు కప్పులతో గరాజ్‌లోకి వెళ్ళాడు. రాఘవులు కుర్చీని అటూ ఇటూ తిప్పి, ఎడమచెవి అతని వైపు ఉండేలా వేసుకుని కూర్చున్నాడు.

"ఇటు దిక్కు కూసో అన్నా. ఇటైతే మంచిగ ఇనబడతది."

దైవాశీర్వాదం అటు కూర్చున్నాడు. ఇద్దరూ చాయ్ తాగారు. ఎత్తి ఉన్న తలుపు అవతల వీధిలో ఎవరో గడ్డి కోస్తున్నారు. రాఘవులు ఆ యంత్రం ఎటువైపు ఉందో తేల్చుకోలేక తల అటూ ఇటూ తిప్పి చూశాడు. తర్వాత కప్పు మోకాలి మీద పెట్టుకున్నాడు.

"ఒక్కటి అడుగుత అన్నా. ఆ పొద్దు నువ్వు ఆమేన్ అన్నవా?"

దైవాశీర్వాదం కప్పు నోటి దగ్గరే ఆగింది.

"నేను నిలబడే ఉన్న. నాకైతే ఇనరాలె. అంతకుముందు సంది చెవులు గుయ్యిమంటున్నయి కదా, నువ్వన్నది నాకే ఇనబడలేదేమో. అదే ఉమకు చెప్పిన. అన్న తప్పేం లేదు, అన్న అన్నడు, నేనే ఇనలే అని." పట్టీ అంచును వేలితో సరిచేసుకున్నాడు. "అన్నవు కదా?"

గడ్డి యంత్రం ఆగింది. వీధి సద్దుమణిగింది. ఏ చెవికైనా వినబడేంత నిశ్శబ్దంగా ఉంది.

"ఆ సంగతి నా దగ్గర ఇంకెప్పుడూ ఎత్తొద్దు" అన్నాడు దైవాశీర్వాదం.

రాఘవులు అతని మొహం చూసి, అందులో ఏం కనబడిందో, కళ్ళు దించుకున్నాడు. "నీకు బాధ, నాకు ఎరికే అన్నా. ఎత్త."

రాఘవులు ఎత్తలేదు. దైవాశీర్వాదమూ ఎత్తలేదు. ఎత్తడు.